ఎర్ర కారుకు రెండు పక్కల పైపులు: ఒకటి మోతది, ఒకటి ఉత్తది

తిరుపతిలో పెండ్లి పెట్టుకున్నోళ్లు ఎవరైనా ఆ టాపు లేని ఎర్ర స్పోర్ట్స్ కారు ఫోటోలు చూసి మోజు పడుంటే, అడ్వాన్సు కట్టేముందు ఒక పది నిమిషాలు నా మాట వినండి. పోయిన నెల మా మేనకోడలి రిసెప్షన్ మెరవణికి దాన్నే బాడుగకు తీసుకుంటిమి. అంగడి పేరు రాయను. ఒకే ఊర్లో బతకాల్సినోళ్లం. పైగా ఆ ఓనరు బుల్లెట్లు సర్వీసుకు వచ్చేది నా షెడ్డుకే.

అవును, నేను బుల్లెట్ మెకానిక్‌ని. కొర్లగుంటలో షెడ్డు పెట్టి 22 ఏండ్లాయె. ట్యాపెట్ సౌండా, టైమింగ్ చెయిన్ వదులా, పిస్టన్ కొట్టుకుంటా ఉందా అనేది బండి సందు మలుపు తిరిగేలోపే చెప్పేస్తా. మోత పడని పెద్దమనిషి ఎవరో కూచుని ఏడుస్తా రాసింది అనుకోవద్దు. మోత అమ్ముకునే నేను పిల్లల ఫీజులు కట్టినా.

కారు కావాలన్నది పెండ్లికొడుకు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచి పిల్లోడే. ఫోన్‌లో ఫోటో చూపించి, "మామా, గుర్రబ్బండి వద్దు, పల్లకీ వద్దు, ఇది చాలు" అన్నాడు. మా అక్క నా మొహం చూసింది. బండ్ల పని అంటే మా ఇంట్లో నా నెత్తినే కదా పడేది. ఓనరుకు ఫోన్ చేస్తే ఆయన రేటు కన్నా ముందు సౌండు చెప్పినాడు. "అన్నా, ఇది మామూలు కారు కాదన్నా, కోబ్రా. రెండు పక్కలా సైడ్ పైపులు. స్టార్ట్ కొడితే మండపం అద్దాలు అదరాల. అసలు వీ ఎయిట్ సౌండు." 3 గంటలకు 18,000. పూలు వేరే 4,000. పెట్రోలు మనదే. బేరమాడితే పూలకాడ 500 తగ్గించినాడు. అడ్వాన్సు 5,000 పంపించేసినా. ముందుగా పోయి బండి చూసుకోవాల్సింది. పెండ్లి పనుల్లో ఆ ఒక్కటీ చేయలేదు, తప్పు నాదే.

కోబ్రా గురించి నాకు తెలిసింది చెప్తా. ఇంగ్లండులో ఏసీ కార్స్ అని ఒక చిన్న కంపెనీ, వాళ్లకు ఏస్ అని తేలికపాటి రెండు సీట్ల కారు. కారల్ షెల్బీ అనే టెక్సస్ మనిషి 1962లో దాంట్లోకి ఫోర్డ్ వీ8 ఇంజన్, అంటే V ఆకారంలో ఎనిమిది సిలిండర్లు ఉండేది, దింపినాడు. ఈయన 1959లో ఫ్రాన్స్‌లో జరిగే లెమాన్ 24 గంటల రేసు గెలిచినోడు. అంతకుముందు కోళ్ల ఫారం పెట్టి నష్టపోయినోడు కూడా. మా చిత్తూరు పక్క కోళ్ల షెడ్లు పెట్టి మునిగినోళ్లు నాకు నలుగురు తెలుసు, ఒక్కడూ రేసు కారు చేయలేదు. మొదట 260 క్యూబిక్ అంగుళాల ఇంజన్, తర్వాత 289, ఆ తర్వాత 427. ఆ 427 అంటే మన లెక్కలో 7 లీటర్లు. రేసుకని చేసిన బండ్లకు సైలెన్సర్‌ను కారు కిందుగా వెనక దాకా లాగకుండా, ముందు చక్రం వెనకాల పక్కకు తీసి, తలుపు కిందనే పరిచి, వెనక చక్రానికి ముందే తెంచేసినారు. పైపు పొట్టి, బరువు తక్కువ, కింద నేలకు తగలదు. రేసులో పక్కన నిలబడే పెండ్లి జనం ఉండరు కదా, ఆ బాధ వాళ్లకు లేదు.

ఒరిజినల్ కోబ్రాలు చేసింది చాలా తక్కువ. ఈరోజు లోకంలో తిరిగేవాటిలో ఎక్కువ భాగం ఫైబర్ బాడీతో చేసిన నకళ్లే. నకలు అని చిన్నచూపు ఏమీ లేదు, అమెరికాలో వీటిని కిట్టుగా కొని ఇంట్లో బిగించుకునేవాళ్లు ఉండారు. ఆ బండ్లోళ్లు దిగేటప్పుడు పిక్క కాలడాన్ని 'పాము కాటు' అంటారంట. ఈ ముక్క ఎందుకు చెప్పినానో ముందర తెలుస్తుంది.

సాయంత్రం 6 గంటలకు తిరుచానూరు రోడ్డు పక్కన వినాయకుడి గుడి దగ్గరకు బండి వచ్చింది. ఉన్నమాట చెప్పాల, చూడటానికి లక్షణంగా ఉండాది. ఫైబర్ పని చేసినోడు ఎవడో గానీ చెయ్యి తిరిగినోడు. ముందు చక్రాల మీద ఆ ఉబ్బు, చేపనోరు లాంటి ముందు గ్రిల్, బానెట్ మీద రెండు తెల్ల పట్టీలు, ఒక్క చోట కూడా అల లేదు. వీధి లైటు కింద నిలబెడితే పెయింటులో మన మొహం కనపడతా ఉండాది. పిల్లకాయలు చుట్టుముట్టేసినారు. రెండు సీట్ల కారు గదా, పెండ్లికొడుకు పెండ్లికూతురు ఎక్కడ కూర్చుంటారు అంటే, వెనక డిక్కీ మూత మీద బందోబస్తుగా ఫ్రేము కొట్టి ఎర్ర రెక్సిన్ సోఫా వేసినారు. అది కూడా బాగానే చేసినారు, ఊగలేదు. చూపుకు అయిదుకు అయిదు మార్కులు వేస్తా.

డ్రైవరు తాళం తిప్పినాడు.

నా పక్కన మా బావ కొబ్బరికాయ పట్టుకోని ఉండాడు, జారి కింద పడింది. గుడి అరుగు మీద పడుకున్న కుక్కలు మూడూ లేసి పోయినాయి, మళ్లీ ఆ రాత్రికి కనపడలేదు. పిల్లకాయలు కేకలు వేసినారు, వాళ్లకు సంబరం. ఎవరిదో చంకలో బిడ్డ గుక్కపట్టింది.

నేను మోతకు బెదరలేదు. నాకు వచ్చింది అనుమానం. వీ8 అన్నాడు. ఇది వీ8 కాదు.

ఎట్ట చెప్పినా అంటే, లెక్క ఉండాది. మన బుల్లెట్‌కు ఒకటే సిలిండరు. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒక పేలుడు. నిమిషానికి 1000 చుట్ల మీద ఐడిల్‌లో, అంటే తొక్కకుండా ఊరికే ఆడతా ఉంటే నిమిషానికి 500 పేలుళ్లు, సెకనుకు 8. దడ్ దడ్ దడ్ అని చెవి ఒక్కొక్కటీ పట్టుకుంటుంది. నాలుగు సిలిండర్లది అయితే ఒక చుట్టుకు 2 పేలుళ్లు. 850 చుట్ల మీద సెకనుకు 28 పడతాయి, అదీ సమానమైన ఎడంతో. చెవి లెక్కపెట్టలేదు, బుర్ర్ర్ అని ఒకటే గీత మాదిరి వినపడుతుంది. వీ8కి సెకనుకు 57. కానీ అక్కడ ఒక తిరకాసు. ఒక్కో పక్క 4 సిలిండర్లు. పేలే వరస రెండు పక్కలకూ ఒకటీ ఒకటీ పంచినట్టు మారదు. ఒక పక్క వెంటవెంటనే రెండు పేలతాయి, తర్వాత కాస్త ఆగుతుంది, మళ్లీ ఒకటి. రెండు పక్కల పైపులూ ఎక్కడా కలవకుండా విడివిడిగా బయటికి వస్తే ఆ ఎగుడుదిగుడు అట్నే వినపడుతుంది. అన్నం కుండ కుతకుత ఉడికినట్టు ఉంటుంది. కోబ్రా సౌండుకు జనం చచ్చేది ఆ కుతకుతకే, గట్టిగా ఉన్నందుకు కాదు.

మా ముందర నిలబడింది కుతకుతలాడలేదు. పవర్ టిల్లర్ మాదిరి ఏకధాటిగా దున్నింది.

"బానెట్ ఎత్తు నాయనా" అన్నా. డ్రైవరు పిల్లోడు అటూ ఇటూ చూసి ఎత్తినాడు. లోపల కాంటెస్సా ఇంజన్. ఇసుజు 1.8 పెట్రోలు. నాకు నవ్వొచ్చింది, కోపం రాలేదు. మంచి ఇంజన్ అది, వెనక చక్రాల డ్రైవు, ఇలాంటి పనికి అందుకే దొరకబుచ్చుకుంటారు. హిందుస్తాన్ మోటార్స్ ఆ కారు ఆపేసిందే 2002లో, ఇప్పటికీ ఐడిల్ పడతా ఉండాదంటే మొక్కాల. కానీ నాలుగు సిలిండర్లు ఒకే వరసలో ఉండే ఇంజన్‌కు పొగ గొట్టం ఒక పక్కే వస్తుంది. మరి రెండో పక్క పైపు ఎందుకు?

కుడి పక్కకు పోయి పైపు మూతిలో ఫోన్ లైటు వేసి చూసినా. సాలీడు గూడు. నిండు సంసారం. ఎడమ పక్కది ఒక్కటే పనిచేసే పైపు, కుడిది క్రోమ్ పూసిన ఉత్త గొట్టం.

ఈ సంగతి పెండ్లికొడుకుకు చెప్పలేదు. ఆ అబ్బోడి మొహంలో వెలుగు చూసినాక చెప్పబుద్ధి కాలేదు.

మెరవణి కదిలింది. మేళం ముందర, కారు వెనక. నాదస్వరం వాయించే ఆయన పెద్దాయన, తిరుపతిలోనే దేవస్థానం వాళ్ల నాదస్వరం, డోలు పాఠశాలలో నేర్చుకున్న మనిషి. రోడ్డు మీద లారీ హారన్లకు అలవాటు పడిన ఊపిరి ఆయనది, తేలిగ్గా ఎవరికీ తగ్గేది లేదు. వంద గజాలు పోయినాక వాయించడం ఆపి వెనక్కు తిరిగినాడు. నా దగ్గరకొచ్చి, "సామీ, మోతకు నేను భయపడను. ఆ పైపు మా శ్రుతికి కొంచెం కింద పలకతా ఉండాది. డోలు అబ్బాయి దానికి పోతా ఉండాడు, నేను శ్రుతిపెట్టెకు పోతా ఉండా" అన్నాడు. ఇన్నేండ్లలో సైలెన్సర్ మీద నేను విన్న ఫిర్యాదుల్లో ఇంత నాజూకైనది ఇంకోటి లేదు.

ఇంకో బాధ ఏందంటే, డ్రైవరు ఊరికే ఉండడం లేదు. నడక వేగంలో పోతా రెండు నిమిషాలకొకసారి యాక్సిలేటర్ తొక్కుతా ఉండాడు. జనాన్ని హుషారు చేయడానికని మా వాళ్లు అనుకున్నారు. కాదు. కార్బురేటర్ ఐడిల్ నిలవడం లేదు, తొక్కకపోతే ఆగిపోతుంది. తొక్కిన ప్రతిసారీ ఆ పొట్టి పైపులోంచి తుపాకీ పేలినట్టు. ఎడమ పక్క నడిచేవాళ్లు ఒక్కొక్కరే కుడి పక్కకు జరిగిపోయినారు. ఆ పక్క రోడ్డు ఖాళీ అయిపోయి ఆటోలు దూరతా ఉండాయి.

ఒక్క మా బావ వాళ్ల నాయన మాత్రం ఎడమ పక్కనే నింపాదిగా నడస్తా ఉండాడు. ఆయనకు చెవి మిషను. తీసి జోబీలో వేసుకున్నాడు.

అప్పుడు ఫోన్‌లో మోత కొలిచే డెసిబెల్ యాప్ తెరిచినా. ఫోన్ మైకు పెద్ద మోతల దగ్గర తడబడుతుంది, ఆ అంకె పట్టుకోని ఎవరి మీదా కేసు వేయలేము. ముందూ వెనకా పోల్చుకోడానికి మాత్రం పనికొస్తుంది. పైపు మూతికి మూడడుగుల ఎడంలో ఐడిల్‌లో 99. తొక్కినప్పుడు 110 దాటింది. సోఫా ఎక్కి పెండ్లికూతురు చెవి దగ్గర పెడితే 97.

97 అంటే ఎంత? మన బండ్ల కంపెనీలు 175 సీసీ దాటిన మోటార్ సైకిల్‌ను అమ్మాలంటే, 7.5 మీటర్ల దూరంలో పోతా ఉన్నప్పుడు 80 దాటకూడదని రూలు. డెసిబెల్ లెక్క కిలోల లెక్క కాదు. 3 పెరిగితే శబ్దంలో ఉండే శక్తి రెండింతలు. 10 పెరిగితే చెవికి రెండింతలు గట్టిగా ఉన్నట్టు తోస్తుంది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ 85 మోతలో 8 గంటలకు మించి ఉండొద్దు అంటుంది. అక్కణ్ణుంచి 3 పెరిగినప్పుడల్లా ఆ గంటలు సగం. 88కి 4 గంటలు, 91కి 2, 94కి 1, 97కి అరగంట. మా మెరవణి రెండు గంటలది. దారిలో ఒక ఆస్పత్రి కూడా ఉండాది. ఆస్పత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం, 2000 సంవత్సరం శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం పగలు 50, రాత్రి 10 దాటితే 40.

నేను ఇంకా లెక్కలేసుకుంటా ఉంటే నా భార్య కేక వినపడింది.

మెరవణి ఒక చోట ఆగితే, పెండ్లికూతురు జడ సర్దడానికని ఎడమ పక్కనుంచి ఎక్కబోయింది. చీర కుచ్చిళ్లు పైపుకు తగిలినాయి. కాలికి తగల్లేదు, అదృష్టం. పైపు చుట్టూ గార్డు లేదు, చిల్లుల రేకు లేదు, ఏమీ లేదు. నున్నటి క్రోమ్, లోపల నిప్పు. చీర లాగితే రాలేదు, అంటుకోని సాగింది. గట్టిగా లాగితే వచ్చింది, పైపు మీద జానెడు ముద్ద మిగిలింది.

పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిదవుతుంది. కరిగి ముద్దయ్యేది పాలిస్టర్. ఆ చీర మేము 14,000 పెట్టి అచ్చమైన పట్టు అని కొన్నాము. ఆ అంగడి సంగతి ఇంకో రోజు రాస్తా.

ఇంక ఆగలేక డ్రైవరుతో ఇంజన్ ఆపమన్నా. ఫోటోల ఆయన్ని పిలిచి, "అన్నా, ముప్పావు గంట వీళ్లిద్దరికీ ఇక్కడే ఎన్ని కావాలంటే అన్ని ఫోటోలు తియ్యి" అని చెప్పినా. ఆయనకు ఇంతకన్నా మంచి మాట ఎవరు చెప్తారు. పైపు మూతి లోపలి కొలత తీసుకున్నా, 57 మిల్లీమీటర్లు. స్కూటర్ తీసుకోని షెడ్డుకు పోయినా.

ఇప్పుడు నా గుట్టు. షెడ్డులో ఒక రేకు సొరుగు ఉండాది, దాన్నిండా డీబీ కిల్లర్లు. బయట అమ్మే బుల్లెట్ సైలెన్సర్ల మూతిలో ఒక చిన్న చిల్లుల గొట్టం ఒక బోల్టుతో బిగించి ఉంటుంది, దాన్ని డీబీ కిల్లర్ అంటారు. పొగ దారిని ఇరుకు చేసి మోత చంపుతుంది. కాలేజీ పిల్లోళ్లు సైలెన్సర్ కొత్తగా వేయించుకున్న రోజే, "అన్నా, కిల్లర్ తీసేయన్నా" అంటారు. తీసి 200 తీసుకుంటా. ఆ ముక్క వాళ్లు తీసుకోనిపోరు. అలా పోగైనవి అవి, వందకు తక్కువ ఉండవు. ఏ బండి మోత ఏ సందులో ఎవరి నిద్ర చెడగొట్టిందో గానీ, ఆ ముక్కలన్నీ నా దగ్గరే ఉండాయి. పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పరిచి రోలర్‌తో తొక్కించే ఫోటోలు పేపర్లో వచ్చినప్పుడల్లా, వాటిలో నా వెల్డింగు ఏదన్నా ఉండాదేమో అని వెతుక్కుంటా ఉంటా.

48 మిల్లీమీటర్ల కిల్లర్ ఒకటి తీసినా. 3 మిల్లీమీటర్ల ప్లేటు నుంచి రింగు కోసి, దాని చుట్టూ వెల్డు కొట్టి, 57కి సరిపోయేటట్టు రుద్దినా. ఒక పాత బుల్లెట్ సైలెన్సర్ గార్డు, రెండు క్లాంపులు, ఒక పిడికెడు గ్లాస్ వూల్ (గాజు పీచుతో చేసిన దూది) కూడా సంచిలో వేసుకున్నా.

గ్లాస్ వూల్ ఎందుకంటే, ఎడమ పైపు మూతిలోంచి లైటు వేసినప్పుడే అసలు జబ్బు కనపడింది. ఈ సైడ్ పైపులు లోపల చిల్లుల గొట్టం, దాని చుట్టూ గ్లాస్ వూల్ కూర్చి ఉంటాయి. పేలుడు మోత ఆ చిల్లుల గుండా పోయి దూదిలో ఇంకిపోవాల. ఆ దూది శాశ్వతం కాదు. వేడికీ పొగకూ మెల్లమెల్లగా కాలి ఎగిరిపోతుంది. ఏడాదికేడాది బండి మోత పెరుగుతుంది, ఓనరు మాత్రం 'ఇంజన్ సెట్ అయింది' అనుకుంటాడు. ఇక్కడ లోపల బోడి గొట్టం, తడితే గంట మాదిరి మోగింది. పైపు పూర్తిగా విప్పి దూది కూరాలంటే ఒక పూట పని. నడిరోడ్డు మీద కుదరదు. మూతి దగ్గర రింగు వెనకాల కూరగలిగినంత కూరినా.

డ్రైవరు పిల్లోడు భయపడినాడు. "అన్నా, ఓనరుకు తెలిస్తే నన్ను పీకేస్తాడన్నా." "ఒక్క బోల్టు నాయనా, రేపు తీసేయొచ్చు" అని తోలు గ్లవుజులు వేసుకోని దిగినా. పైపు అప్పటికి కొంచెం చల్లారింది. పక్కన డ్రిల్లుతో ఒక చిల్లి, ఒక బోల్టు. ఎక్కే దిగే చోట గార్డు బిగించినా. పని మీద పనిగా కార్బురేటర్ ఐడిల్ స్క్రూ అరచుట్టు తిప్పినా. అంతే, తొక్కాల్సిన పని తప్పింది. ఆ అరచుట్టు స్క్రూ వాళ్ల అంగడిలో ఒక్కడికీ తెలియకపోవడమే నాకు అన్నిటికన్నా వింత.

మళ్లీ స్టార్ట్. మూడడుగుల దూరంలో 88. సోఫా మీద 86. అంకెల్లో 11 తగ్గింది. చెవికి మాత్రం సగానికి పైగా పోయినట్టే. మోత ఇంకా ఉండాది, కారు ఉండాదని ఊరికి తెలుస్తుంది, కానీ మనిషి మాట మనిషికి వినపడింది. నాదస్వరం పెద్దాయన ఒకసారి చెవి ఒగ్గి విని, తల ఊపి, పీక నోట్లో పెట్టుకున్నాడు. పెండ్లికొడుకు నా దగ్గరకు వంగి, "మామా, సౌండ్ తగ్గిందేంది?" అన్నాడు. "ఇంజన్ వేడెక్కితే అంతే నాయనా" అన్నా. అబద్ధమే. నూరు అబద్ధాలాడైనా ఒక పెండ్లి చేయమన్నారు గదా.

తర్వాత వచ్చింది అవ్వ పంచాయితీ. పెండ్లికూతురు ఎడమ పక్కనే కూచోవాల అంటుంది మా అవ్వ, 84 ఏండ్లు, ఆమె మాట దాటేవాళ్లు లేరు. ఎడమ పక్క అంటే వేడి పైపు మీద. సీటు మార్చుదామని నేను ఒక మాట అని తిట్లు తిన్నా. కడాకు ఏం చేసినామంటే, ఇద్దరినీ కుడి పక్కనుంచి, అంటే సాలీడు ఉండే ఉత్త పైపు పక్కనుంచి ఎక్కించి, పెండ్లికూతుర్ని ముందు లోపలికి జరిపి, తర్వాత అబ్బోణ్ణి ఎక్కించినాము. దిగేటప్పుడు తిరగేసి. ఆ కారు బాడుగకు తీసుకునేవాళ్లు ఈ ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. ఎక్కేది దిగేది కుడి పక్క నుంచే. పిల్లకాయల్ని ఎడమ పక్కకు రానీయొద్దు. ఎవరికన్నా కాలితే పేస్టు పూయొద్దు, 20 నిమిషాలు కొళాయి నీళ్ల కింద పెట్టండి.

ఆస్పత్రి దగ్గర మేళం తనంతట తానే ఆపేసినారు, నేను చెప్పలేదు. ఇంజన్ ఆపించి ఆ నూరు గజాలు మా బావమరుదులు నలుగురు కారును తోసినారు. ఫైబర్ బాడీ గదా, తేలిగ్గానే కదిలింది. ఫోటోల్లో ఆ ముక్కే అన్నిటికన్నా బాగా వచ్చింది, పెండ్లికొడుకు వెనక్కు తిరిగి తోసేవాళ్లను చూసి పడిపడి నవ్వుతా ఉండాడు.

ఇంక కాగితాల సంగతి. మండపం కాడ డ్రైవరును ఆర్‌సీ అడిగినా, ఊరికే కుతూహలం. ఆర్‌సీలో కాంటెస్సా, రంగు తెలుపు, సీట్లు 5. ముందర నిలబడింది ఎరుపు, సీట్లు 2, పైన సోఫా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ చేసిన రూపం నుంచి బండిని ఇట్ట మార్చకూడదు. మోత ప్రమాణాలు మీరితే 190వ సెక్షనులో రెండో భాగం, 2019 సవరణ తర్వాత 10,000 దాకా జరిమానా గానీ 3 నెలల దాకా జైలు గానీ రెండూ గానీ, 3 నెలలు లైసెన్సు కూడా పోతుంది. దారిలో ఎవరన్నా ఆపుంటే మెరవణి అక్కడితో సరి, పెండ్లికొడుకు ఆటోలో పోవాల్సిందే. ప్రమాదం ఏదన్నా జరిగితే ఇన్సూరెన్సోడు ఆ ఆర్‌సీ చూసి ఏమంటాడో మీరే ఊహించుకోండి. బాడుగకు తీసుకునేవాళ్లు సౌండు గురించి అడిగే ముందు ఆర్‌సీ ఫోటో అడగండి. పంపకపోతే అర్థం చేసుకోండి.

డబ్బుల దగ్గర ఓనరు పేచీ పెట్టలేదు, అది ఒప్పుకోవాల. ముప్పావు గంట బండి ఆగినందుకు అదనంగా అడుగుతాడనుకున్నా, అడగలేదు. చీర గురించి చెప్తే, "అన్నా, పట్టు చీర అంటుకోదు గదన్నా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. పూలు 3,500కు తగినట్టే కట్టినారు, రాత్రి దాకా వాడలేదు. డ్రైవరు పిల్లోడు మర్యాదస్తుడు, భోజనానికి పిలిస్తే అందరూ తిన్నాక కూర్చున్నాడు.

మార్కులు అంటే, చూపుకు 5, డ్రైవరుకు 5, సైడ్ పైపులకు 1. ఆ ఒక్కటీ కుడి పక్క పైపుకు, అది ఎవరి జోలికీ పోలేదు. 'అసలు వీ ఎయిట్ సౌండు' అన్న మాటకు సున్నా. మొత్తం మీద కారుకు అయిదుకు రెండున్నర.

మూడో రోజు పొద్దున ఆ డ్రైవరే కారు తీసుకోని షెడ్డుకు వచ్చినాడు. ఆదివారం రేణిగుంటలో బుకింగ్ అంట, ఆ పెండ్లికొడుకు ముందే ఫోన్ చేసి సౌండు గట్టిగా ఉండాల్నని మరీ మరీ చెప్పినాడంట. "అన్నా, ఓనరు ఆ ముక్క తీయించుకోని రమ్మన్నాడు." గార్డు మాత్రం ఉండనీ, అది నా ఖర్చు అని చెప్పినా, సరే అన్నాడు. ఐడిల్ స్క్రూ కూడా ముట్టొద్దని చెప్పినా. బోల్టు విప్పి కిల్లర్ తీసి సొరుగులో వేసినా. 200 తీసుకున్నా.